శివారు వంతు

మండపేట ఉప్పుడు బియ్యం మిల్లులో
ఆవిరి గొట్టం పగిలి ఇది ఎనిమిదో రోజు.
కాకినాడ పెద్దాసుపత్రి, కాలిన గాయాల వార్డు,
ఆరో నంబరు మంచం:
లోవరాజు, ముప్పై ఒకటి,
ఒంట్లో నూటికి నలభై రెండు పాళ్ళు.
దోమతెర కింద అరటాకు మీద పడుకున్నాడు,
ఎవరో వడ్డించి మరిచిపోయినట్టు.

జ్వరం నూట మూడు. కట్టు విప్పితే ఆకుపచ్చ చెమ్మ.
మందు మొదలుపెట్టి మూడు రోజులు
ఒక గ్రాము, ఎనిమిది గంటలకోసారి,
పుస్తకంలో ఉన్నట్టే
ఈ చేత్తోనే.

ఫర్హానా డాక్టరమ్మ మూత్రం సంచీ
కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది.
"నిన్న పొద్దుటి నుంచి ఎంత?"
మూడు వేల ఏడు వందలు.
క్రియాటినిన్ అర.
మూత్రపిండాలు బాగున్నాయి మేడమ్, అన్నాను.
"మరీ బాగున్నాయి సిస్టర్" అంది.

కాలిన ఒళ్ళు ఆరని పొయ్యట.
గుండె పరిగెడుతుంది, దాని వెనకే రక్తం,
ఇచ్చిన మందు ఇచ్చినట్టే వడకట్టి బయట పోసేస్తుంది.
మిగిలిందాంట్లో కొంత ఉబ్బునీటిలో పలచన,
కొంత పుండ్లలోంచి దుప్పట్లోకి.
రక్తంలో ఎంత నిలిచిందో కొలిచే మిషను
మాకు లేదు. విశాఖ పంపితే
నాలుగు రోజులకి కాగితం వస్తుంది.
నాలుగు రోజులకి ఆరో మంచం మీద ఎవరుంటారో.

"రెండు గ్రాములు. మూడు గంటలు ఎక్కాలి, మెల్లగా."

గుమ్మం అవతల నించున్నాడు తండ్రి,
ముసలయ్య, కాలవ లస్కరు,
ఖాకీ చొక్కాకి ఒక గుండీ లేదు.
"రెట్టింపా తల్లీ? తట్టుకుంటాడా ఆడు?"
ట్రైనింగులో బట్టీ పట్టిన మాటలన్నీ
నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.
బాబాయ్, అన్నాను,
లాకుల దగ్గర వదిలిన నీరు
శివారు చేలకి అందుతుందా?

ఆయన గోడకేసి చూశాడు చాలాసేపు.
"గండ్లు పడితే ఏం అందుద్దమ్మా.
తలుపులు ఒక్కసారే ఎత్తేత్తే
హోరుమని పోయి డ్రెయిన్లో పడిపోద్ది.
ఎక్కువే వదలాలి, నిదానంగా వదలాలి,
మట్టం దిగకుండా తెల్లార్లూ కాపలా కాయాలి.
అప్పుడుగానీ తడవదు ఆఖరి మడి."

డాక్టరమ్మ కలం ఆపి వింది.
కేస్ షీట్లో ఆ మాటకి గడి లేదు.

వార్డుకి పంపులు రెండు.
ఒకటి ఉగాది నుంచీ పలకదు. ఒకటి
ఎసరు మీద పడిన రామచంద్రపురం పాపది.
కాగితం వెనక లెక్క వేశాను:
వంద మిల్లీలీటర్లు, మూడు గంటలు,
నిమిషానికి పదకొండు చుక్కలు.
రాత్రి నేనొక్కదాన్ని, మంచాలు పద్నాలుగు.

రూలు కాదు.
గౌను తొడిగి, మాస్కు కట్టి
ముసలయ్యని లోపల కూచోబెట్టాను.
పదకొండు దాటినా తగ్గినా పిలవండి.
ముప్పై ఏళ్ళు గేజి రాయి చదివిన కళ్ళు
సెలైను గొట్టం బుడ్డికి అతుక్కుపోయాయి.

రెండింటికి పిలిచాడు.
"పదమూడు పడతన్నాయమ్మా."
లోవరాజు చెయ్యి కదిపాడంతే. చక్రం బిగించాను.
ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి
జపమనుకున్నాను
లెక్క.

మూడో రాత్రికి నూట ఒకటి.
తగ్గిందని రాయడానికి చెయ్యి రాదు.
కట్టు వాసన మాత్రం మారింది,
అది ముక్కుకే తెలుసు, చార్టుకి తెలీదు.
చర్మం అతికే ఆపరేషను ఇంకా ఉంది.
ఈ ఒంటి పరుగు ఏ రోజు నెమ్మదిస్తే ఆ రోజు
మందూ తగ్గించాలి,
అందుకే పొద్దున్నే మళ్ళీ రక్తం తీశాను.
"నీరెక్కువైనా చేను కుళ్ళుద్ది గదా" అన్నాడు ముసలయ్య,
నేను చెప్పకముందే.

తెల్లారుజామున లోవరాజు కళ్ళు తెరిచాడు.
"నానా, దాహం" అన్నాడు.
"ఉండ్రా" అన్నాడాయన, బుడ్డి మీంచి చూపు తిప్పకుండా,
"ఏడు... ఎనిమిది...
లెక్క తప్పుద్ది."